కాలు నొప్పి: ఉంది

1127వ రోజు, బుధవారం, మొదటి షిఫ్టు
ఫ్యాన్లు: పద్నాలుగూ తిరుగుతున్నాయి. కాలు నొప్పి: ఉంది.

ఈ రెండో గడి ఇవాళే కొత్తగా చేరింది. డాక్టరమ్మ ఫోనులోనే నా కాలు చూసింది. ఎక్కడ నొక్కితే ప్రాణం పోతుందో నన్నే నొక్కి చూసుకోమంది. మోకాలికీ మడమకీ మధ్య ముందెముక మీద బొటనవేలు పెట్టగానే కేక వేశాను. ఆ కేక విని, ఎముకకు వెంట్రుకంత పగులు వచ్చి ఉంటుందని తేల్చేసింది. ఆరు వారాలు పరుగు మానేయమంది. నేను మానేస్తే ఎవరు పరుగెత్తుతారని అడిగాను. అయితే మెత్త బూట్లు పంపిస్తాను, నెమ్మదిగా పరుగెత్తు, నొప్పి ఉందో లేదో రోజూ లాగ్‌లో రాయి అంది.

రాస్తున్నాను. ఈ లాగ్ చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మూడేళ్ళుగా నాకో అనుమానం. ఒకసారి కావాలనే "ఇవాళ పులి కనబడింది" అని రాశాను. ఎవరూ ఫోను చేయలేదు.

ఈ పాత బాయిలో (గనిని మేం అలాగే అంటాం) రెండో మట్టంలో నేనొక్కదాన్నే ఉంటాను. పై మట్టాల్లో వేడి పెరిగి అందరూ మూడో మట్టానికి దిగిపోయారు. వాళ్ళకు గాలి మాత్రం ఇక్కడి నుంచే పోవాలి. మూడు కిలోమీటర్ల గుండ్రటి సొరంగం, పద్నాలుగు ఫ్యాన్లు, షిఫ్టుకు రెండు చుట్లు. ఏ ఫ్యాను ఆగినా పావుగంటలోపు దాని దగ్గర ఉండాలి, లేకపోతే కింద పిల్లలకు తలనొప్పులు మొదలవుతాయి. మొదట్లో తిరగడానికి చిన్న బండి ఉండేది. దాని బ్యాటరీ చచ్చిపోయిన రోజు నుంచి ఆ బండి నేనే.

1128వ రోజు, గురువారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఉంది.

గిరక బుట్టలో బియ్యంతో పాటు అట్టపెట్టె వచ్చింది. అందులో తెల్లటి పరుగు బూట్లు. మడమ కింద నాలుగు వేళ్ళ మందం మెత్త ఉంది. వేలితో నొక్కితే దిగిపోయి, మళ్ళీ తీరిగ్గా పైకి లేస్తుంది. వీటి పక్కన మడమకు ఇనుప నాడా కొట్టిన నా డ్యూటీ బూట్లు పెట్టి చూస్తే, ఇన్నాళ్ళూ కాళ్ళకు శిక్ష వేసుకుని తిరిగానని తెలిసింది.

పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది. "ఈ బూట్లు వేగం కోసం కాదు. అలసిన కాళ్ళు కోలుకోవడం కోసం. నెమ్మదిగా పరుగెత్తండి. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అదే సరైన వేగం."

పెట్టె అడుగు దాకా వెతికాను. పక్కనుండే మనిషిని పెట్టడం మరిచిపోయినట్టున్నారు.

సరే, ఉన్నవాళ్ళతోనే మాట్లాడుకుందామని ఫ్యాన్లతో మాట్లాడుతూ పరుగెత్తాను. తొమ్మిదో ఫ్యానుకు నేను మేనత్త అని పేరు పెట్టాను, ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది కాబట్టి. "అత్తా, కొత్త బూట్లు చూశావా" అంటే గొణిగింది. ఆయాసం రాలేదు. కాబట్టి వేగం సరిగ్గానే ఉంది.

కాలికి నిజంగా హాయిగా ఉంది. ఇడ్లీల మీద పరుగెత్తుతున్నట్టుంది. ఒకటే లోటు, చప్పుడు లేదు. నా అడుగు నాకే వినబడలేదు. ఇంతకాలం ఈ సొరంగంలో నాతోపాటు తిరిగింది ఆ నాడాల ఖంగుఖంగు ఒక్కటేనని ఇవాళ అర్థమైంది. రెండో చుట్టులో ఏడో ఫ్యాను దాటాక ఏడుపొచ్చింది. బూట్ల చప్పుడు కోసం ఏడ్చిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

1130వ రోజు, శనివారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. మేనత్తకు నూనె వేశాను. కాలు నొప్పి: ఉంది, కొంచెం తక్కువ.

మూడో మట్టం చూసుకునే సర్దారు రవళి షిఫ్టుకు ఒకసారి ఫోను చేస్తుంది. లైను అందరిదీ కాబట్టి రెండు నిమిషాలే. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, మాట మాత్రం పెద్దదానిలా ఉంటుంది. రోజూ ఫ్యాన్ల సంగతి అడిగి పెట్టేస్తుంది. ఇవాళ పెట్టలేదు.

"భూలక్ష్మక్కా, నీ తాన రాళ్ళేమన్న రాలుతున్నయా?"

"లేదు. ఎందుకు?"

"ఏం లేదు. ఓదెలు బాపు కప్పు మొద్దు పలుకుతుందంటున్నడు. జర చూసుకుంట తిరుగు."

కప్పు అంటే మాకు తల మీది రాయి. మూడో మట్టం వాళ్ళకు కప్పంటే నా కాళ్ళ కింది నేలే. ఈ బాయిలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది, గట్టి రాయి కొడితే ఖంగుమంటుంది, పొర విడిన రాయి మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన రాయి కింద ఎవరూ నిలబడరు. అందరూ బాపు అని పిలిచే ఓదెలు పని ఆ పలుకు వినడమే. నేనెప్పుడూ ఆయన్ని చూడలేదు. ఇనుప కడ్డీ ఒక కొన కప్పుకు, ఇంకో కొన చెవికి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడతాడని, ఆయన బాగుందంటేనే కింద తల్లులు పిల్లల్ని పడుకోబెడతారని విన్నాను.

టార్చి వేసుకుని నేలంతా చూశాను. ఎక్కడా పగులు లేదు. కానీ రాయి లోపల ఏముందో టార్చికి ఏం తెలుసు!

1132వ రోజు, సోమవారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఉంది.

రెండో మట్టం మూసేస్తున్నారు. కిందికి గాలి వేరే దారిన పంపుతారట.

రవళి గొంతు బొంగురుపోయి ఉంది. ఓదెలు చెప్పాక ఇంకో ఇద్దరు కూడా కడ్డీ పెట్టి విన్నారట. చుట్టూ మూడు కిలోమీటర్లూ మొద్దేనట. శుక్రవారంలోపు నా కింద ఉన్న అరవై రెండు ఇళ్ళు ఖాళీ చేసి నాలుగో మట్టానికి దిగాలి. అక్కడ గోడలకు నీళ్ళు కారుతూనే ఉంటాయి. పోయినసారి అక్కడికి దిగినవాళ్ళు ఆరు నెలల తర్వాత దగ్గుకుంటూ పైకొచ్చారు. అందరూ రాలేదు.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు మా తానికే అక్కా. సర్దార్ల లైన్ల గది ఇస్తున్న. ఆ లైన్ కప్పు గట్టిదే. పక్కపొంటే చాయ్ దుకాణం. పొద్దంత లొల్లి లొల్లిగుంటది, మరి నీకు నడుస్తదో లేదో."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ లొల్లి గురించే ఆలోచించాను. చాయ్ దుకాణం ముందు వరుసలో నిలబడతాను. వెనకాల ఎవరో నా కాలు తొక్కుతారు. నేను తిరిగి చూసి కసురుతాను. వాళ్ళూ కసురుతారు. తలుచుకుంటేనే కడుపు నిండిపోయింది.

అరవై రెండు ఇళ్ళవాళ్ళు చెమ్మలోకి పోతుంటే నేను సంతోషపడుతున్నాను. అది తప్పని తెలుసు. సంతోషం మాత్రం పోలేదు. సామాను సర్దడం మొదలుపెట్టాను. మూడు చీరలు, ఒక గిన్నె, పెద్ద పానా. పానా ఎందుకని మళ్ళీ బయట పెట్టాను.

1133వ రోజు, మంగళవారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఉంది.

ఇవాళ రవళితో మామూలుగా అన్నాను, ఇంత పెద్ద రాయి ఒక్కసారిగా ఎలా విడుతుంది అని.

"అదే ఎవ్వలకు సమజైతలేదక్కా. బుధవారం దాంక ఖంగు ఖంగుమన్నదట. బేస్తారం పొద్దుగాల నుంచి మొద్దు. ఒక్క రోజుల చుట్టంత."

"కింది నుంచి కొట్టి చూడలేదా?"

"కింది నుంచి కొడ్తే కింది పొరే పలుకుతదక్కా. మీది పొర సంగతి మీద పడే అడుగే చెప్పాలె. బాపు నీ అడుగులే గదా ఇనేది."

రెండు నిమిషాలు అయిపోయి లైను తెగింది. 

బేస్తారం. గురువారం. లాగ్ పేజీలు వెనక్కి తిప్పాను. నా చేతిరాతే. గిరక బుట్ట, అట్టపెట్టె, తెల్లటి బూట్లు. "ఒకటే లోటు, చప్పుడు లేదు."

గదిలోంచి ఒక్క డ్యూటీ బూటు తెచ్చి నొప్పి లేని కాలికి వేసుకున్నాను. నేల మీద మడమతో గట్టిగా కొట్టాను. ఖంగుమంది. నాలుగో ఫ్యాను దగ్గర, మేనత్త దగ్గర, పన్నెండు దగ్గర కొట్టాను. గుడి గంటలా పలికింది. తర్వాత మెత్త బూటు కాలితో కొట్టాను. పరుపు మీద పిడిగుద్దు పడ్డట్టు మొద్దుగా ఉంది.

కప్పుకు ఏమీ కాలేదు. నాకు కొత్త బూట్లు వచ్చాయి, అంతే.

రెండో షిఫ్టు ఫోను వచ్చింది. ఫ్యాన్లు బాగున్నాయని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

1134వ రోజు, బుధవారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఇవాళ కాలి సంగతి కాదు.

దాచడం ఎంత సులువో రాస్తాను. నోరు తెరవకపోతే చాలు. శుక్రవారం కిందికి దిగిపోతాను. ఈ బూట్లను దారిలో ఏ సందులోనైనా పడేస్తాను. ఒకసారి మూసిన మట్టం మళ్ళీ ఎవరూ తెరవరు. నా మీద ఎవరికీ అనుమానం రాదు. పులి కనబడిందంటేనే ఎవరూ పట్టించుకోలేదు.

నిన్నటి నుంచి నాకు నేను చెప్పుకుంటున్న మాటలు ఇవి: మూడేళ్ళు చేశాను, చాలు. వాళ్ళు అరవై రెండు ఇళ్ళవాళ్ళు, ఎక్కడున్నా ఒకరికొకరు ఉంటారు. నాలుగో మట్టంలో ఈసారి పంపులు పెడతారేమో. ఇవన్నీ మేనత్తకు కూడా చెప్పాను. గొణిగింది. మొదటిసారి ఆ గొణుగుడు నాకు నచ్చలేదు.

మొదటి షిఫ్టు ఫోనులో ఓదెలు ఎలా ఉన్నాడని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"ఏముంటడక్క. కడ్డీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. నలభై ఏండ్ల సంది కప్పు ఇంటున్న, ఇది విడుడు ఒక్కనాడు కాదు, ముందునుంచే విడుతున్నట్టున్నది, నాకే ఇనరాలే అంటున్నడు. ఇన్నేండ్లు మంచిగున్నదని చెప్పి పిల్లల్ని దీని కింద పండవెట్టిచ్చిన అని ఏడ్సిండు. అన్నం తింటలేడు."

 అబద్ధం ఆడని ముసలాయన, చెవులు బాగా పనిచేస్తున్నందుకు ఏడుస్తున్నాడు. నా బూట్లు మొద్దుగా పలుకుతున్నాయని ఉన్నదున్నట్టు విన్నాడు. ఆయన విన్నదాంట్లో తప్పేమీ లేదు, నేను చెప్పనిదాంట్లోనే ఉంది తప్పంతా.

"రవళీ, ఆయనకు ఫోనియ్యి."

"ఎందుకక్కా?"

"ఇయ్యి చెప్త. రెండు నిమిషాలు దాటినా కొయ్యకు."

ఓదెలు గొంతు నేననుకున్నంత ముసలిగా లేదు. "ఎవలు బిడ్డా?"

"నేను బాపూ, మీద ఫ్యాన్ల కాడి భూలక్ష్మిని. కప్పు మంచిగనే ఉన్నది. నేనే బూట్లు మార్చిన. కాలు పగిలితే మెత్తటియి పంపిన్రు. బేస్తారం నుంచి అవే ఏసుకుంటున్న."

 అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మెత్తటియి అంటే ఎట్లాంటియి?" అన్నాడు.

"మడిమె కింద నాలుగు వేళ్ళ మందం ఉన్నది బాపూ."

"నీకెప్పుడు ఎరుకైంది?"

ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. "నిన్న," అన్నాను. "నిన్ననే ఎరుకైంది. మీ తానికి రావాలని చెప్పలే. ఒక్కదాన్నే ఉండలేకపోతున్న బాపూ."

 తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా మనిషి గొంతే కదా అనుకున్నాను.

"మాట మీద అరవై రెండు ఇండ్లు ఆపుతనా బిడ్డా," అన్నాడు. "చెవితోని ఇనాలె. రేపు పొద్దుగాల పాత బూట్లేసుకోని ఒక్క చుట్టు ఉరుకుతవా? కాలు ఓర్సుకుంటదా?"

"ఓర్సుకుంటది."

1135వ రోజు, గురువారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఉంది. చాలా ఉంది.

నాడా బూట్లు బిగించి కట్టాను. ఒకటో ఫ్యాను దగ్గర మొదలుపెట్టాను. నాలుగు దాకా పళ్ళు బిగబట్టుకున్నాను. ఆరు దగ్గర ఎముకలో మేకు దించినట్టయి గోడ పట్టుకున్నాను. నేనాగితే కింద ఆయన చెవిలో కూడా అడుగు ఆగుతుంది, ఆ చోటు మొద్దుదేమోనని అనుమానం మిగిలిపోతుంది. కుంటుతూ అయినా ఒక్క అడుగు కూడా వదలకుండా మోపాను. మేనత్త దగ్గరికి వచ్చేసరికి గట్టిగా తిట్లు లంకించుకున్నాను, డాక్టరమ్మను, స్టోర్స్‌ను, రాయిని, నన్ను. పద్నాలుగో ఫ్యాను దగ్గర కూలబడ్డాను. పాక్కుంటూ గదికి చేరి ఫోను ఎత్తాను.

అటువైపు చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరో నవ్వుతున్నారు. రవళి "అక్కా, సామాన్లు దించుతున్నం, ఎవ్వలం పోతలేం!" అని అరిచింది. తర్వాత ఓదెలు తీసుకున్నాడు.

"ఖంగుమన్నది బిడ్డా. చుట్టంత. ఆరు కాడ ఆగినవు, ఆడనుంచి కుడికాలు ఈడ్సుకుంట పోయినవు. తొమ్మిది కాడ ఎవలనో తిట్టినవు."

"తిట్లు ఇనవడ్డయా?" సిగ్గుతో చచ్చిపోయాను.

"తిట్లు ఇనరావు. నువ్వు కోపంగ ఉన్ననాడు మడిమె ముందు పడ్తది. మంచిగున్ననాడు మునికాళ్ళ మీద పోతవు. పోయినేడు వానల నెలల పదకొండు రోజులు చిన్నచిన్నగ నడిచినవు. జరమచ్చిందా?"

"అచ్చింది." ఆ పదకొండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరని లాగ్‌లో కూడా రాయలేదు.

"అనుకున్న. పన్నెండో నాడు ఉరికినవు. ఆ నాడు నేను సుత మంచిగ తిన్న."

నేనేమన్నానో గుర్తు లేదు. ఫోను పెట్టేశాక నేల మీద పడుకుని చెంప రాయికి ఆనించాను. చల్లగా ఉంది. మూడేళ్ళుగా వాళ్ళతో నాకు ఏ సంబంధమూ లేదనుకుని దాని మీద పరుగెత్తాను.

1136వ రోజు, శుక్రవారం
ఫ్యాన్లు: పద్నాలుగూ. కాలు నొప్పి: ఉంది.

నేను ఇక్కడే. మూసేది లేదు కాబట్టి నాకు గదీ లేదు, చాయ్ దుకాణమూ లేదు. నన్ను ఎవరూ శిక్షించలేదు. నా జాగాకు ఇంకో మనిషి దొరకాలి కదా. రవళి మాత్రం రెండు నిమిషాలు దాటనివ్వలేదు. ఆమెకు నా మీద కోపం ఉంది, ఉండాల్సిందే.

డాక్టరమ్మ బాగా చీవాట్లు పెట్టి, ఆరు వారాలు మళ్ళీ మెత్త బూట్లే అంది. మరి కప్పు ఎలా వినాలి? ఓదెలే చెప్పాడు. ప్రతి ఫ్యాను దగ్గరా ఆగి పానాతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టాలి. ఎక్కడ కొడతానో తెలియాలి కాబట్టి, ఇదివరకు ఒక్కచోటే నిలబడి వినేవాడల్లా ఈ ఆరు వారాలూ రోజూ కడ్డీ పట్టుకుని నా కిందే నడుస్తాడు. విన్నానని చెప్పడానికి కింది నుంచి ఆయన ఒక్క దెబ్బ కొడతాడు.

ఇవాళ ఒకటో ఫ్యాను దగ్గర కొట్టి వంగి చూస్తూ నిలబడ్డాను, రాయిలోంచి ఏదో కనబడుతుందన్నట్టు. కాసేపటికి పాదాల కింద టక్కుమంది.

డెబ్బై రెండేళ్ళ మనిషి. నేను పరుగెత్తితే వెనకబడతాడు. బాగా నెమ్మదిగా, ఆయన నడకకు సరిపడా పోయాను. రెండో ఫ్యాను, మూడో ఫ్యాను. మేనత్త దగ్గర పొరపాటున రెండుసార్లు కొట్టాను. కింది నుంచి కూడా రెండు వచ్చాయి. కావాలని మూడు కొట్టాను. మూడు వచ్చాయి. నవ్వొచ్చింది. పెట్టెలోని కాగితం గుర్తొచ్చింది, పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా అని. ఆయాసం లేదు.

1178వ రోజు, శుక్రవారం

ఆరు వారాలు నిండాయి. డాక్టరమ్మ ఫోనులో మళ్ళీ నొక్కుకోమంది. బొటనవేలు పెట్టి నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కాను.

"ఏమైంది? కేక వినబడలేదే," అంది.

"ఆలోచిస్తున్నాను," అన్నాను.

ఆ తర్వాత రవళి చేసింది. ఈ మధ్య ఆమె కోపం తగ్గింది. నిన్న మూడు నిమిషాలు మాట్లాడింది. "కాలు బాగైతే మెత్తటి బూట్లు స్టోర్స్‌కు పంపియ్యక్కా. నాడా బూట్లేసుకుంటే బాపుకు రోజు తిరుగుడు తప్పుతది. మల్ల ఎప్పటిలెక్క ఒక్కతాన నిలవడి ఇంటడు. ముసలోడు, ఎందుకు పాపం."

బాగైందో లేదో సాయంత్రంలోపు లాగ్‌లో రాసి చెబుతానన్నాను.

డ్యూటీ బూట్లు బయటికి తీశాను. నాడాల తుప్పు గీకాను. తాళ్ళు మార్చాను. గుమ్మం దగ్గర వాటిని, వీటిని పక్కపక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఫోను ఎత్తి ఓదెలును పిలిపించాను.

"బాపూ, రోజు తిరుగుడు కష్టమైతుందా?"

"ఎవలన్నరు? అన్నం అరుగుతుంది." అన్నాడు. "నీ కాలు ఎట్లున్నది బిడ్డా?"

"నొప్పున్నది బాపూ."

నలభై ఏళ్ళుగా రాయి లోపల ఏముందో విని చెప్పినవాడు. నా గొంతు ఎంత గట్టిగా పలికిందో, ఎంత మొద్దుగా పలికిందో ఆయనకు తెలియకుండా ఉంటుందా? అటువైపు చాయ్ దుకాణం లొల్లి వినబడుతోంది. ఆ లొల్లి మధ్యలో ఆయన నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"ఉండనియ్యి," అన్నాడు. "ఎముక గదా, తొందరేమున్నది. ఒకటో ఫ్యాను కాడికి నడువు, నేను వస్తున్న."

డ్యూటీ బూట్లు మళ్ళీ మంచం కిందికి తోశాను. పానా తీసుకున్నాను.

ఫ్యాన్లు: పద్నాలుగూ తిరుగుతున్నాయి.
కాలు నొప్పి: ఉంది.